ఫోంతెనే అబ్బేలో నీళ్ల వెంట ఒక రోజు

"ఆదివారం అబ్బేకి వెళ్దాం నాన్నా" అంది మా అమ్మాయి. వంటింట్లోంచి మా ఆవిడ "అబ్బే, ఇప్పుడెక్కడికే, కాళ్లు పీకేస్తున్నాయి" అంది. "అదేనమ్మా, అబ్బేకే" అంది అమ్మాయి. "నేనూ అదే అంటున్నా, అబ్బే అని" అంది ఈవిడ. ఒకరు రమ్మని, ఒకరు వద్దని, ఒకటే మాట. నాకు నవ్వాగలేదు.

అబ్బే అంటే క్రైస్తవ సన్యాసులుండే పెద్ద మఠమట. మేం వెళ్లాల్సింది సిస్టర్షియన్ అబ్బే అని చెప్పేసరికి కాకినాడలో కాన్వెంటు బడిలో చదువుకున్న మా ఆవిడ కాస్త మెత్తబడింది. "సిస్టర్లుంటారా అయితే?" అంది. ఉండరు. ఆ పేరుకీ సిస్టర్లకీ సంబంధం లేదు. ఫ్రాన్స్‌లో దిజోన్ పట్నం దగ్గర సీతో అనే చోట 1098లో కొందరు సన్యాసులు, పాత మఠాల్లో సుఖం ఎక్కువైపోయిందని విడిగా వచ్చేసి కొత్తగా మొదలుపెట్టారు. సీతోని లాటిన్‌లో సిస్టర్షియమ్ అంటారు, వీళ్లు సిస్టర్షియన్లయ్యారు. రంగు వెయ్యని ఉన్నితో నేసిన అంగీలు తొడుక్కునేవాళ్లు కాబట్టి జనం తెల్ల సన్యాసులని కూడా అన్నారు.

నేను గోదావరి డెల్టాలో ఇరిగేషన్ శాఖలో ముప్ఫై రెండేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. అమ్మాయి ఉద్యోగం పారిస్‌లో. మూడు నెలలుందామని వెళ్లాం. మొదటి నెలలోనే టవరూ మ్యూజియాలూ అయిపోయాయి. బొమ్మల ముందు ఎంతసేపు నిలబడతాం? నా ముఖం చూసి అమ్మాయి ఏరి ఏరి పట్టుకొచ్చిన చోటు ఈ ఫోంతెనే. "చర్చి సంగతి వదిలెయ్ నాన్నా, అక్కడ ఎనిమిది వందల ఏళ్ల నాటి నీటి చక్రం ఏర్పాటుంది, నీకు నచ్చుతుంది" అంది. ఆ ఒక్క మాటకే లేచాను.

వెళ్లడం తేలికే అనుకున్నాం. పారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్‌లో హైస్పీడ్ రైలెక్కితే గంట పైచిలుకులో మోంబార్ అనే చిన్న ఊళ్లో దిగొచ్చు. అక్కణ్ణించి మఠానికి ఆరు కిలోమీటర్లు. ఆరు కిలోమీటర్లే కదా, ఆటోలుంటాయి అన్నట్టు దిగాం. మన ఊళ్లో స్టేషను బయట అడుగుపెడితే సంచీ లాక్కునేంత పని చేస్తారు. ఇక్కడ ఆదివారం పొద్దున్న పదింటికి స్టేషను బయట రెండు పావురాలు తప్ప ఎవరూ లేరు. బస్సు లేదు. టాక్సీలకి ఫోన్ చేస్తే ఒకాయన ఎత్తలేదు. రెండో ఆయన గంట తర్వాత వస్తానన్నాడు. మా ఆవిడ మోకాళ్లతో ఆరు కిలోమీటర్లు నడవడం జరిగే పని కాదు. వెళ్లదలచుకున్నవాళ్లకి నేను చెప్పేది ఒకటే: రానూ పోనూ టాక్సీ ముందురోజే మాట్లాడుకోండి. కుర్రాళ్లయితే సైకిలు చాలు.

ఆ గంట నాకు మాత్రం వృథా కాలేదు. కాస్త దూరం నడిస్తే కాలువ కనిపించింది. బర్గండీ కాలువ; బర్గండీ అంటే ఈ ప్రాంతం పేరు. యోన్ నదినీ సోన్ నదినీ కలుపుతూ తవ్వింది, పొడవు 242 కిలోమీటర్లు, పడవల్ని మెట్టు మెట్టుగా ఎక్కించి దించే లాకులు 189. పూర్తిగా తెరిచింది 1832లో. మన ధవళేశ్వరం ఆనకట్టకి అప్పటికింకా పునాదే పడలేదు. 189 లాకులు! మా డెల్టాలో ఇన్నెక్కడివి? రెండు వైపులా రాతి గోడలు, మధ్యలో చెక్క తలుపులు, పక్కన లాకు మనిషికి చిన్న ఇల్లు. అచ్చం మన లాకుల్లాగే ఉంటే నాకు ప్రాణం లేచొచ్చింది. "వచ్చేటప్పుడు చూద్దువుగాని నాన్నా, టాక్సీ వచ్చేసింది" అని అమ్మాయి లాక్కెళ్లింది.

ఊరు దాటాక రోడ్డు సన్నబడింది. రెండు వైపులా అడవి కమ్ముకొచ్చింది. లోయ ఇరుకవుతూ ఇరుకవుతూ పోయి ఒక మలుపు దగ్గర మఠం ప్రహరీ కనిపించింది. టాక్సీ దిగగానే మొదట వినిపించింది నీళ్ల చప్పుడు. మా ఆవిడ రాతి ద్వారం మీదికి పాకిన తీగెల్ని చూస్తోంది, అమ్మాయి టికెట్ల వైపు వెళ్లింది. నేను ఆ చప్పుడెటునుంచి వస్తోందా అని మెడ తిప్పుతున్నాను. ఆ రోజంతా అంతే అయింది.

ఈ చోటు ఎంచుకున్నాయన పేరు బెర్నార్. తర్వాత సెయింట్ బెర్నార్ అయ్యాడు. 1118లో ఇక్కడ మఠం పెట్టేనాటికి ఆయనకి ఇరవై ఎనిమిదేళ్లు. జనం పెరిగి పాత చోటు చాలక 1130లో ఇప్పుడున్న చోటికి మారారు. చుట్టూ అడవి, కింద చిత్తడి నేల. అలాంటి పల్లంలో మన ఊళ్లో అయితే గొడ్లపాక కూడా వెయ్యరు. వీళ్లు కావాలని పల్లానికే వచ్చారు. ఒకటి, మనుషులకి దూరంగా ఉండాలన్న పట్టుదల. రెండోది నీళ్లు. ఫోంతెనే అన్న పేరే లాటిన్‌లో ఊటల మాట నుంచి వచ్చింది. ఈ సన్యాసులు పాటించే నియమావళి ఆరో శతాబ్దంలో సెయింట్ బెనెడిక్ట్ రాసింది. 73 అధ్యాయాలు. అందులో 66వ అధ్యాయంలో ఉంది: సన్యాసులు బయటికెళ్లి తిరగాల్సిన పని లేకుండా నీళ్లూ, పిండిమరా, తోటా, పనిశాలలూ అన్నీ మఠం ప్రహరీ లోపలే ఉండాలి అని. నలుగురికి కాదు, వందమందికి పైన బతకాల్సిన చోట ఆ ఒక్క వాక్యం అమలు చెయ్యాలంటే ఎంత కాలువ తవ్వాలో, ఎక్కడ కట్ట వెయ్యాలో నాకు తెలుసు. చిత్తడిని ఆరబెట్టడానికి మురుగు కాలువలు, పైన నీళ్లు నిలవ చెయ్యడానికి చెరువులు, చక్రం తిరగడానికి పక్క కాలువ. ముందు ఇవన్నీ అయ్యాకే గుడి పని మొదలయ్యుంటుంది. ఇది నా ఊహే, కానీ పందెం వెయ్యమంటే వేస్తాను.

ప్రధాన ద్వారం కింద రాతి మెట్ల అడుగున ఒక కన్నం ఉంది. కాపలా కుక్క అందులోంచి అతిథుల ఇంటి వైపు చూస్తూ ఉండేదట. మా ఆవిడకి మఠం మొత్తంలో మొదట నచ్చింది అదే. "కుక్కక్కూడా చోటు చూశారు చూడండి" అంది. లోపల అడుగుపెడితే పచ్చిక, దాని మీద అక్కడక్కడా రాతి కట్టడాలు: పాత రొట్టెల బట్టీ, గుండ్రటి బురుజులాంటి పావురాల గూడు. పావురాల గూడు దగ్గర వీటి మాంసం తినేవాళ్లా అని ఈవిడ అనుమానం. సన్యాసులకి నాలుగు కాళ్ల జంతువుల మాంసం నిషేధం, జబ్బుపడ్డవాళ్లకి తప్ప. మిగతావాళ్లకి కూరలూ, పప్పులూ, రొట్టె, కొలత ప్రకారం వైను. "పప్పూ కూరా తిన్నారంటే మంచివాళ్లే" అని సర్టిఫికెట్ ఇచ్చేసి ముందుకు నడిచింది.

టికెట్ల దగ్గర చేతికి మడతకాగితం ఇచ్చారు. గైడు చెప్పేది ఫ్రెంచిలో. మా అమ్మాయి కొంత తెలుగులో చెప్పింది, కొంత మింగేసింది. "ఆవిడ అయిదు నిమిషాలు చెప్పింది, నువ్వు అయిదు మాటలు చెప్పావేంటే" అని వాళ్లమ్మ నిలదీస్తే, "అవే కబుర్లమ్మా" అంది. అనువాదకులతో ఇదే తంటా.

చర్చి సంగతి. 1139లో మొదలెట్టి 1147లో పూర్తి చేశారు. ఎనిమిదేళ్లు. అంత పెద్ద రాతి కట్టడానికి అది చాలా తక్కువ. డబ్బు ఇచ్చింది ఇంగ్లండులో నార్విచ్ బిషప్‌గా చేసిన ఎబ్రార్, తర్వాత పదవి వదిలేసి ఇక్కడికే వచ్చి ఉండిపోయాడు. ప్రతిష్ఠకి పోప్ మూడో యూజీన్ స్వయంగా వచ్చాడు. ఆయన కూడా బెర్నార్ శిష్యుడే, సిస్టర్షియనే. ముఖద్వారం చూస్తే ఈ పెద్దలెవరూ గుర్తుకురారు. బొమ్మ లేదు, చెక్కడం లేదు, గంట గోపురం లేదు. ఏడు కిటికీలు, ఒక తలుపు, అంతే. లోపల 66 మీటర్ల పొడవు. నడిమి భాగానికి ఇరువైపులా పైన ఒక్క కిటికీ కూడా లేదు. వెలుగంతా ముందు నుంచి, వెనక నుంచి, పక్క వసారాల నుంచి వంకరగా వస్తుంది. కింద మట్టి నేల. బయట మే నెల చివరి ఎండ, లోపల అడుగుపెట్టగానే చల్లటి చెమ్మ వాసన. మా ఆవిడ శాలువా కప్పుకుంది.

"ఇదేం గుడండీ, దేవుడే కనపడడు" అంది చిన్నగా. అదే బెర్నార్‌కి కావలసింది. గుళ్లలో గోడల నిండా వింత జంతువుల శిల్పాలూ బంగారపు పూతలూ ఉంటే సన్యాసి పుస్తకం మానేసి వాటినే చూస్తూ కూచుంటాడని ఆయన గట్టిగా తిడుతూ రాశాడు. అందుకని రంగు అద్దాలు కూడా లేవు. చివరికి ఎడమ వైపు ఒక మేరీ మాత విగ్రహం కనిపించాక మా ఆవిడ స్థిమితపడింది. పదమూడో శతాబ్దపు చివరిది. చంకలో బాబు, ముఖంలో సన్నటి నవ్వు. ఈ విగ్రహం మధ్యలో చాలా కాలం పక్క ఊరి శ్మశానంలో ఎండకీ వానకీ పడి ఉండి, తిరిగి ఇంటికొచ్చింది. అంత చరిత్ర చెప్పినా ఈవిడ అడిగింది ఒకటే, "బాబు చలికి వణకడా?" అని. నేనైతే గోడ అడుగున చెమ్మ ఎంత ఎత్తు వరకు ఎక్కిందో చూస్తున్నాను. అలవాటు. తొమ్మిది వందల ఏళ్లుగా పల్లంలో నిలబడ్డ గోడ, ఎక్కడా కుంగలేదు.

చర్చి లోపల్నుంచే మెట్లెక్కితే పడక హాలు. అర్ధరాత్రి దాటాక ప్రార్థనకి లేచి నిద్రకళ్లతో ఈ మెట్లే దిగేవాళ్లు. హాలు నిజంగా చూడాలి. పెద్ద పడవని బోర్లించి పైన పెట్టినట్టు చెక్క కప్పు, పదిహేనో శతాబ్దంలో వేసింది. మేకు కూడా కనబడలేదు. కింద గచ్చు మీద గడ్డి పరుపులు వరసగా పరుచుకుని, వేసుకున్న బట్టలతోనే పడుకునేవాళ్లు. గదులు లేవు, పొయ్యి లేదు. డిసెంబర్లో ఇక్కడెలా ఉంటుందో తల్చుకుంటే కోనసీమ మనిషిని, నాకు వెన్ను జలదరించింది. మా ఆవిడ మెట్ల కిందే కూచుండిపోయింది, పైకి రాలేదు. ఆవిడకి నేను ఫోన్లో ఫొటో చూపిస్తే "పెళ్లి వారి విడిదిలా ఉంది" అంది.

మఠానికి నడుమ ఉన్న నాలుగు వైపుల వసారాని క్లాయిస్టర్ అంటారు. ఈ మాట మనకి అక్కర్లేదు, మండువా అంటే సరిపోతుంది. మధ్యలో ఆకాశం, చుట్టూ స్తంభాల వసారా, వసారాల్లోకి తెరుచుకునే గదులు. 36 మీటర్లు ఒక వైపు, 38 ఇంకో వైపు, అంటే చదరం కూడా కాదు, కొంచెం సాగింది. జంట స్తంభాల మీద కమానులు. కూచోవడానికి రాతి అరుగులున్నాయి కాబట్టి మేం ఎక్కువసేపు ఉన్నది ఇక్కడే. ఒక పక్క గది పేరు అధ్యాయాల గది. పొద్దున్నే అందరూ అక్కడ కూచుంటే నియమావళిలోంచి ఒక అధ్యాయం చదివేవాళ్లు, తర్వాత తప్పు చేసినవాడు అందరి ముందూ ఒప్పుకోవాలి. మా ఆఫీసులో సోమవారం మీటింగు గుర్తొచ్చింది. మా దగ్గర ఒప్పుకోవడం ఒక్కటీ లేదు.

దాని పక్కన పొడవాటి హాల్లో పుస్తకాలు రాసేవాళ్లు. ఆ పక్కదే వెచ్చటి గది. వంటిల్లు కాక మఠం మొత్తానికి నిప్పు ఉన్నది ఆ ఒక్క గదిలోనే. వేళ్లు కొంకర్లు పోతే అక్కడికెళ్లి కాచుకుని, సిరా గడ్డకట్టకుండా చూసుకుని మళ్లీ రాసుకోవాలి. ఎంత నిష్ఠ అనుకోవాలో ఎంత మొండితనం అనుకోవాలో నాకు తెలియలేదు. భోజనశాల చూద్దామంటే లేదు. 1745లో కూలగొట్టేశారు. పదహారో శతాబ్దం మధ్య నుంచి రాజుగారు తనకి కావలసినవాళ్లని మఠానికి పెద్దలుగా వెయ్యడం మొదలెట్టాక రాబడి వాళ్లకి పోయేది, మరమ్మతులకి మిగిలేది కాదు. పనులకి నిధులు లేక కట్టడాలు కూలడం మాకు కొత్త కథేమీ కాదు.

ఇక నేను వచ్చింది దేనికో అది. మండువా దాటి తోటలోంచి వెనక్కి వెళ్తే ఏటి ఒడ్డున పొడవాటి రాతి షెడ్డు. 53 మీటర్ల పొడవు, పదమూడున్నర మీటర్ల వెడల్పు. ఇది గుడి కాదు, ఇనుప కొలిమి. పన్నెండో శతాబ్దపు చివరా పదమూడో శతాబ్దపు మొదలూ మధ్య కట్టింది. మఠం వెనక కొండలోనే ఇనుప రాయి దొరికేది. చుట్టూ అడవి, బొగ్గుకి కొరత లేదు. ఏటి నీళ్లని మళ్లించి గోడ వెంట కాలువగా తెచ్చి చక్రాలు తిప్పారు. యూరప్‌లో నిలిచి ఉన్న పాత ఇనుప కార్ఖానాల్లో ఇది ముఖ్యమైంది. పైకప్పు కమానులు చూస్తే చర్చిలోకంటే ఏమాత్రం తక్కువ శ్రద్ధ పెట్టలేదు. అది నన్ను నిలబెట్టేసింది. మన దగ్గర గుడికి రాతి పని, వర్క్‌షాపుకి రేకుల షెడ్డు.

లోపల పాతదాని నమూనాతో 2008లో మళ్లీ చేసి పెట్టిన నీటి సుత్తి ఉంది. మేం వెళ్లినప్పుడు చక్రం తిరుగుతోంది. ఎలా పనిచేస్తుందో చెప్తాను. బయట చక్రం తిరిగితే దాని ఇరుసు, ఓ లావుపాటి దూలం, గోడలోంచి లోపలికొచ్చి తిరుగుతుంది. ఇరుసు చుట్టూ పళ్లు బిగించి ఉంటాయి. ఒక్కో పన్నూ వచ్చి సుత్తి కాడ తోకని కిందికి నొక్కుతుంది, తల పైకి లేస్తుంది. పన్ను దాటిపోగానే తల తన బరువుతో దభీమని దిమ్మె మీద పడుతుంది. మా చిన్నప్పుడు ఇంట్లో అటుకులు దంచేవాళ్లు: ఒక చివర కాలితో తొక్కితే రెండో చివర రోకలి లేచి పడేది. అదే ఇది. కాలి బదులు నీళ్లు తొక్కుతున్నాయి. అమ్మాయి వీడియో తీస్తుంటే ప్రతి దెబ్బకీ చెయ్యి అదిరి ఏదీ సరిగ్గా రాలేదు.

నేను బయటికెళ్లి కాలువ చూశాను. ఎత్తు తేడా ఎంత ఉంటుందో కంటితో కొలిచాను. చక్రానికి నీళ్లు కావలసినప్పుడు వదలడానికి, అక్కర్లేనప్పుడు పక్కకి పంపడానికి షట్టర్. మిగులు నీళ్లు దుమికే చోట చిన్న జలపాతం, దాన్ని టూరిస్టులు ఫొటో తీసుకుంటున్నారు. అది అలుగు అని వాళ్లకి ఎవరూ చెప్పలేదు పాపం. కొలిమికి ఎదురుగా పెద్ద కొలను, మధ్యలో నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. మోటారు చప్పుడు కోసం చెవి పెట్టి విన్నాను, లేదు. పైన చెరువు ఉంది, కింద గొట్టం ఉంది, వాలు ఉంది, ఇంకేం కావాలి? కొలనులో ట్రౌట్ చేపలు గుంపుగా తిరుగుతున్నాయి. చేపల పెంపకంలో ఈ మఠానికి ఎప్పట్నుంచో పేరట. మాంసం మానుకున్నవాళ్లకి చేప కావాలి కదా. ఊట నీళ్లు ముందు చేపలకి, తర్వాత చక్రానికి, చివరికి మురుక్కి. ఒకే నీటిని మూడు చోట్ల వాడుకున్నారు. మా డిపార్ట్‌మెంటులో ఇలాంటి డిజైన్ వేసినవాడికి ఎవరూ సన్మానం చెయ్యరు, తూము తెరవడం ఆలస్యమైందని మాత్రం ఫోన్ చేస్తారు.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది తర్వాతి కథ. ఫ్రెంచి విప్లవంలో మఠాల ఆస్తులన్నీ ప్రభుత్వం లాగేసుకుని అమ్మేసింది. 1791లో క్లోద్ ఉగో అనే ఆయన దీన్ని కొని కాగితం మిల్లు పెట్టాడు. కాగితానికి ఏం కావాలి? గుడ్డపీలికలు నలగ్గొట్టి గుజ్జు చెయ్యడానికి నీటి బలం, ఆ గుజ్జుకి శుభ్రమైన నీళ్లు, ఆరబెట్టడానికి పెద్ద పెద్ద హాళ్లు. సన్యాసులు అన్నీ అమర్చి పెట్టి వెళ్లారు. 1820లో మోంగోల్ఫియే కుటుంబంలోని ఎలీ దాన్ని కొన్నాడు. 1783లో వేడిగాలి బెలూన్ ఎగరేసిన అన్నదమ్ములది ఈ కుటుంబమే, వాళ్ల అసలు వృత్తి కాగితం తయారీ. వాళ్లకి చుట్టమై ఇక్కడ కొంతకాలం ఉన్నాయన మార్క్ సెగాఁ. ఆయన పేరు వినగానే నేను "ఎవరూ, తీగల వంతెన సెగానా?" అని గట్టిగానే అనేశాను. 1825లో రోన్ నది మీద ఇనుప తీగల తాళ్లతో వేలాడే వంతెన వేసినాయన. సన్యాసుల మఠంలో ఇంజనీర్ల చరిత్ర తగులుతుందని ఎవరనుకుంటారు?

మిల్లు పెట్టడం వల్ల పాడైందనే అందరూ అంటారు. నేనలా అనను. బర్గండీలోనే క్లూనీ మఠం ఉంది, ఒకప్పుడు క్రైస్తవ లోకంలో అంత పెద్ద చర్చి లేదు. విప్లవం తర్వాత దాన్ని రాళ్ల క్వారీలా వాడుకుని, రాళ్లు అమ్ముకున్నారు. ఇప్పుడు ముక్కలు మిగిలాయి. బెర్నార్ స్వయంగా పెద్దగా ఉన్న క్లేర్వో మఠాన్ని జైలు చేశారు. ఫోంతెనేకి పని దొరికింది కాబట్టి పైకప్పు కారకుండా చూసుకున్నారు, కాలువలు పూడిక తీసుకున్నారు. వాడుకలో ఉన్న ఇల్లు పడిపోదు.

1906లో లియోన్ నగరానికి చెందిన బ్యాంకరు ఎదువార్ ఎనార్ దీన్ని కొన్నాడు. మోంగోల్ఫియేల అల్లుడే. బొమ్మలూ శిల్పాలూ సేకరించే అభిరుచి ఉన్న మనిషి. 1911 వరకు అయిదేళ్లు పట్టి మిల్లు కోసం కట్టినవన్నీ పీకేయించి మఠాన్ని మధ్యయుగంలో ఉన్నట్టు నిలబెట్టాడు. ఇప్పటికీ ఆయన వారసులదే. 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. బాగు చేశాడన్నది నిజమే, ఆయన పూనుకోకపోతే నాకు ఆ పడక హాలూ ఉండేది కాదు, ఈ కొలిమీ ఉండేది కాదు. అయినా ఒక చిన్న ముల్లు మిగిలింది. వందేళ్ల మిల్లు కూడా ఆ నీళ్లతోనే బతికింది, ఆ చోట వందలమంది కూలి చేసుకుని పిల్లల్ని పెంచుకుని ఉంటారు. వాళ్ల గుర్తుగా ఒక గోడైనా ఉంచితే ఏం పోయేది అనిపించింది. అమ్మాయితో అంటే "అప్పుడు ఇంత అందంగా ఉండదు నాన్నా" అంది. అదీ నిజమే. తోట చూస్తే వాదించలేం.

తోట మా ఆవిడ సామ్రాజ్యం కాబట్టి నేను వెనక నడిచాను. ఇప్పుడున్న రూపం సన్యాసుల నాటిది కాదు. పీటర్ హోమ్స్ అనే ఇంగ్లీషు తోటల నిపుణుడు 1996లో దిద్దింది. 2004 నుంచి ఫ్రెంచి ప్రభుత్వం ఇచ్చే విశిష్ట ఉద్యానం గుర్తింపు ఉంది. సన్యాసులకి పూలతో పని లేదు, కూరలూ మూలికలూ ఉంటే చాలు. కాబట్టి పాతదాన్ని నటించకుండా కట్టడాలకి అడ్డురాని తోట వేశాడాయన. అది నాకు నచ్చింది. పచ్చిక, గుండ్రంగా కత్తిరించిన పొదలు, గోడ వారగా గులాబీలు. రాయి రంగుతో పోటీ పడే రంగులేం లేవు. కొండ వాలు మీద తోట మెట్లు మెట్లుగా పైకి లేస్తుంది, అక్కణ్ణించి చూస్తే మొత్తం మఠం అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. మా ఆవిడకి మాత్రం ఇంత ఖాళీ నేల చూస్తే ప్రాణం ఒప్పలేదు. "ఇంత నీళ్లు పెట్టుకుని రెండు కొబ్బరి మొక్కలు వెయ్యలేదేం?" అంది. ఆ చలికి కొబ్బరి బతకదని చెప్పాను. "పోనీ ఒక కరివేపాకు" అంది.

వైద్యశాల దగ్గర మూలికల మడి ముందు ఆవిడ పూర్తిగా ఆగిపోయింది. వంగి ఒక్కో ఆకు దగ్గరా వాసన చూస్తూ "ఇది సోంపు", "ఇది మన పుదీనా లాంటిదే గానీ వేరు" అని మాకు పాఠం చెప్పింది. మడికి నాటిన పలకల మీద ఫ్రెంచి పేర్లున్నా ఆవిడకి వాటితో పనిలేకపోయింది. ఒక ఆకు తుంచబోతే అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "జబ్బుపడ్డవాళ్ల కోసమే కదా వేశారు, నా మోకాలు చూపిస్తాను" అంది ఈవిడ. ముందు కొలిమి దగ్గర మెట్లెక్కి దిగి నొప్పి పుట్టింది నిజమే. బల్ల ఒకటి చూసి కూచోబెట్టాం.

మధ్యాహ్నం ఆకలి. అక్కడ మనం తినదగ్గది దొరుకుతుందో లేదోనని ఇంటి దగ్గర్నుంచే పులిహోర కట్టుకొచ్చాం. లోపల విప్పితే ఎవరేమంటారోనని ప్రహరీ బయటికొచ్చి చెట్టు కింద కూచున్నాం. పక్కన ఒక ఫ్రెంచి జంట రొట్టే చీజూ తింటున్నారు. ఆవకాయ డబ్బా మూత తీశాక వాళ్లు ఇటు చూశారు. మా ఆవిడ నవ్వుతూ డబ్బా చూపించింది. ఆయన వేలి కొసతో కొంచెం తీసుకుని నోట్లో పెట్టుకుని, తర్వాత సీసాలో సగం నీళ్లు తాగాడు. పెద్దమనిషి, బాగుందన్నాడు.

అయిదింటికి రమ్మన్న టాక్సీ అయిదుంపావుకి వచ్చింది. పొద్దుటి అనుభవం మీద అప్పటికే మా అమ్మాయికి టెన్షన్ పట్టుకుంది. మోంబార్‌లో దిగేసరికి రైలుకి ఇంకా యాభై నిమిషాలుంది. నేను ఎవరి మాటా వినకుండా కాలువ దగ్గరికి నడిచాను. అదృష్టం, ఒక పడవ లాకులోకి వచ్చి ఆగి ఉంది. లాకు మనిషి ఓ కుర్రాడు, కాలేజీ పిల్లాడిలా ఉన్నాడు. పైతలుపు మూసి, కింది తలుపు అడుగున ఉన్న చిన్న తూములు ఎత్తడానికి చేతి గొలుసు బదులు ఇనుప హ్యాండిల్ తిప్పుతున్నాడు. నీళ్లు మెల్లగా దిగుతున్నాయి, పడవ కూడా వాటితోపాటు గోడ వెంట కిందికి జారుతోంది. అమ్మాయి చేత నేను ఇదే పని చేసేవాణ్ణని చెప్పించాను. నిజానికి నేను చేయించేవాణ్ణి. ఆ తేడా అమ్మాయి చెప్పలేదు. కుర్రాడు హ్యాండిల్ నా చేతికిచ్చి పక్కకి జరిగాడు.

బరువుగానే ఉంది. నాలుగు చుట్లు తిప్పేసరికి ఆయాసం వచ్చింది. గట్టు మీంచి మా ఆవిడ కేక: "ఏమండీ, పెన్షన్ వస్తోంది కదా, ఇంకా ఎందుకండీ!" పడవలోవాళ్లు ఏం అర్థమైందో గానీ చప్పట్లు కొట్టారు. అయిదో చుట్టుకి తూము పూర్తిగా లేచింది.